ఇసుక వడకడుతుందట!



మా బోగోలు ప్రాంతంలో రొయ్యల చెరువుల మాట వచ్చినప్పుడల్లా మూడు వాదాలు వినవస్తాయి. "చెరువులోని ఉప్పు బావిదాకా రాదండీ, ఇసుక వడకడుతుంది" అన్నది మొదటిది. "నా భూమి, నా బోరు, నా నీళ్లు, అడగడానికి మీరెవరు?" అన్నది రెండవది. "ఎలాగూ అందరూ డబ్బానీళ్లే తాగుతున్నారు కదా!" అన్నది మూడవది. మొదటిది అజ్ఞానం, రెండవది అహంకారం, మూడవది నిస్పృహ. మూడూ కలిసి ఒక ఊరి నీటిని ఎలా చెరుస్తాయో చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

ముందు ఇసుక సంగతి. ఇసుక వడకట్టే మాట నిజమే. బురదను, చెత్తను, కొంతవరకు సూక్ష్మక్రిములను అది ఆపుతుంది. నీటిలో కరిగిన ఉప్పును మాత్రం ఆపలేదు. పంచదార కలిపిన పాలను ఎంత సన్నని గుడ్డలో వడకట్టినా తీపి పోతుందా? ఇదీ అంతే.

సముద్రజలంలో లీటరుకు సుమారు 35,000 మిల్లీగ్రాముల లవణాలుంటాయి. తాగునీటిలో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములు మించకుంటే మేలని మన భారతీయ ప్రమాణం. గత్యంతరం లేనిచోట 2,000 వరకు సరిపెట్టుకోమంటుంది. నూరు బిందెల స్వచ్ఛమైన నీటిలో రెండు బిందెల సముద్రజలం కలిపి చూడండి. లీటరుకు దాదాపు 690 మిల్లీగ్రాములవుతుంది. మేలైన నీటి హద్దు దాటడానికి ఆ రెండు బిందెలు చాలు.

భూగర్భంలో నీరు నరాల వలె, వేర్వేరు పాయలుగా పారుతుందని మనవాళ్ల నమ్మకం. "జల పడింది" అనడంలో ఉన్నది ఆ భావమే. ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయంలో చెట్లను, పుట్టలను ఆనవాళ్లుగా చూపి భూమిలోని జలసిరలను వర్ణించాడు. ఆ పరిశీలనాశక్తికి చేతులెత్తి మొక్కవలసిందే. కాని మా తీరపు ఇసుకలో నీటికి నరాలు లేవు. రేణువుల నడుమ సందులన్నీ నిండి, ఊరంతటికీ ఒకే నీటిపొర పరచుకొని ఉంటుంది. ఒకచోట తోడితే అది అంతటా తెలుస్తుంది. ఒకచోట చెడితే ఆ చెడుగు పల్లం వైపుకు నడుస్తుంది.

ఎంత వేగంగా నడుస్తుంది? 1856లో ఫ్రాన్సులో హెన్రీ డార్సీ అనే ఇంజనీరు ఇసుక నింపిన గొట్టంలో నీటిని పారించి లెక్క తేల్చాడు. నీటిమట్టపు వాలు ఎంత ఎక్కువైతే నడక అంత ఎక్కువ. రోజుకు 10 మీటర్ల పారగమ్యత గల ఇసుక, వెయ్యి మీటర్లకు ఒక మీటరు వాలు, ఇసుకలో నాలుగవ వంతు ఖాళీ అనుకుందాం. నీరు రోజుకు 4 సెంటీమీటర్లు కదులుతుంది. నూరు మీటర్లు దాటడానికి 2,500 రోజులు, అనగా దాదాపు ఏడేళ్లు.

ఇక్కడే అసలు కీలకం ఉన్నది. చెరువు కౌలు మూడేళ్లో, అయిదేళ్లో. ఉప్పు బావిని చేరేనాటికి కౌలుదారు ఊళ్లో ఉండడు. కట్టలు తెగి, ఏరేటర్లు తరలిపోయి, భూమి చవుడు తేలి ఉంటుంది. ఎవరిని అడగాలి? "ఇన్నాళ్లూ బావి బాగానే ఉందిగా" అన్న మాట నిర్దోషిత్వానికి రుజువు కాదు, దారిలో ఉన్న దోషానికి గడువు మాత్రమే. పైగా ఎండాకాలంలో చెరువునీటి ఉప్పదనం ముదిరితే, పలుచన చేయడానికి బోర్లు వేసి మంచినీరు తోడతారు. ఆ తోడుడుతో వాలు పదిరెట్లయితే, ఏడేళ్ల ప్రయాణం ఎనిమిది నెలలకు దిగుతుంది.

పక్కనుంచి వచ్చే ఉప్పు ఇది. కిందినుంచి వచ్చేది మరొకటి. తీరాన మంచినీరు, బరువైన ఉప్పునీటిమీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి మీటరు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 మీటర్లదాకా మంచినీరే ఉంటుందని గైబెన్, హెర్జ్‌బెర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేర్వేరుగా కనుగొన్నారు. పైన మీటరు తగ్గితే కాలక్రమాన అడుగున 40 మీటర్లు పోతుంది. పై గజాన్ని చూసి మురిసిపోయేవాడికి అడుగున జరిగే ఈ దోపిడీ కనబడదు.

చదువురాని మన పూర్వులకు ఇది అనుభవంలో తెలుసు. అందుకే తీరంలో లోతైన బావులు తవ్వలేదు, దొరువులు తవ్వుకున్నారు. మీగడ తీసినట్లు పైపై మంచినీటిని మాత్రమే తీసుకోవడం దొరువు నీతి. బాపట్ల వ్యవసాయ శాస్త్రజ్ఞులు దానికే అడ్డంగా చిల్లుల గొట్టాలు అమర్చి మెరుగుపరిచారు. జువ్వలదిన్నె పేరులోని దిన్నె అంటే మెరక. వాననీటిని ఇముడ్చుకొని ఉప్పును అడుగున అణచి ఉంచేవి ఇటువంటి ఇసుకదిన్నెలే. వాటిని చదును చేసి చెరువులు కట్టడం పాలకుండను పగులగొట్టి పెంకు అమ్ముకోవడమే.

ఇక "నా నీళ్లు" అన్న వాదం. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, నిర్దిష్టమైన పాయగా పారని భూగర్భజలాన్ని తన హద్దుల్లో తోడుకొనే హక్కు భూస్వామికిచ్చింది. కదిలే నీటిని కదలని ఆస్తిగా ఎంచిన చట్టమది. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు రొయ్యల చెరువులపై తీర్పునిస్తూ, తీర నియంత్రణ మండలంలోని చెరువులను తొలగించాలని, సాగుభూములను, ఉప్పుకొటార్లను చెరువులుగా మార్చరాదని ఆదేశించింది. ఆ తీర్పులో మన నెల్లూరు జిల్లా కుర్రు గ్రామపు తాగునీటి గోడు కూడా నమోదైంది. రెండు రోజుల తర్వాత కమల్‌నాథ్ కేసులో అదే న్యాయస్థానం, ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనన్నది. 2005లో పార్లమెంటు ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, తొలగించమన్న చెరువులకే గొడుగు పట్టింది!

తమాషా చూడండి. 2002 నాటి మన వాల్టా చట్టం ప్రకారం, ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు బోరు వేయాలంటే అనుమతి కావాలి. ఆక్వా మార్గదర్శకాలు చెరువుకు విధించిన ఎడమేమో నూరు మీటర్లు. మంచినీరు తోడేవాడికి 250, ఉప్పునీరు నిలిపేవాడికి 100! ఇసుకలో దూరం కొలబద్ద కాదు, నీరు నడిచే కాలం కొలబద్ద కావాలి.

డబ్బానీళ్ల వాదానికి రెండే మాటలు. శుద్ధియంత్రం ఉప్పును మాయం చేయదు. ఒకచోటికి చేర్చి వదిలేస్తుంది. ఆ చిక్కని నీరు మళ్లీ మన నేలలోకే ఇంకుతోంది. పైగా గేదె, కొబ్బరిచెట్టు, నారుమడి డబ్బా కొనుక్కోలేవు.

రొయ్యలు వద్దనడం లేదు. వాటితో బతికే కుటుంబాలు మా చుట్టూ ఉన్నాయి. నేను కోరేవి నాలుగే. చెరువుకు అడుగున పొర పరచాలి. పలుచన కోసం మంచినీటి బోరు వేయరాదు. పంట తీశాక వదిలే నీటిని నిలవబెట్టి శుద్ధిచేసి పంపాలి. ప్రతి తీరగ్రామంలో పరిశీలక బావి ఉండి, ఈశాన్య రుతుపవనానికి ముందూ తర్వాతా నీటిమట్టం, ఉప్పదనం కొలిచి పంచాయతీ గోడమీద వ్రాయాలి.

2004లో సునామీ మన తీరాన్ని తాకింది. సముద్రం వచ్చినంత వేగంగా వెనక్కి పోయింది. దాని ఉప్పును వానలు క్రమంగా కడుగుతాయి. మనం పిలిచి తెచ్చి కట్టలు కట్టి నిలబెట్టిన సముద్రం వెనక్కి పోదు, కిందికి పోతుంది. ఏడేళ్ల తర్వాత బావి ఉప్పుబారిందని వగచేకన్నా, ఈ సంవత్సరమే ఆ గోడమీద మొదటి అంకె వ్రాయించడం మేలు. ఆ అంకె లేనినాడు ఏ న్యాయస్థానంలోనూ మన బావికి సాక్ష్యం ఉండదు.