ఇల్లు కొనబోయే ముందు



పిల్లల చదువుల నిమిత్తము పల్లె విడిచి అనకాపల్లిలో కొత్త ఇల్లు కొనదలచిన కుటుంబములు మన సంఘములలో అనేకము. మేమును అలాగే వెదికాము. ఒక కొత్త ఫ్లాటు మాకెంతో నచ్చింది. మరునాడే అడ్వాన్సు ఇవ్వాలనుకున్నాము. ఆ వీధిలో పాలు పోసే పెద్దమ్మ ఒకామె, "వానాకాలం ఓసారి వచ్చి చూడండి నాయనా, మోకాలి లోతు నీళ్లు" అన్నది. ఆగస్టు వరకు ఆగాము. ఆమె మాట నిజమే. పొలమమ్మిన సొమ్ము దక్కింది.

ఇది శారదానది ఒడ్డున ఉన్న ఊరు. కనుక పల్లమేదో మెరకేదో ముందు తెలిసికొనండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నాడు అక్కడి పరిస్థితి ఏమిటో ఇరుగుపొరుగును అడగండి. బడి, ఆసుపత్రి, బస్సు, గుడి ఎంత దూరమో నడచి చూడండి.

తరువాత కాగితములు. ఈసీ తీయించి, దస్తావేజులు వకీలుకు చూపించండి. పెద్ద కట్టడమైతే రెరాలో నమోదైనదా అని అడగండి. 2016 నాటి ఆ చట్టము ప్రకారము, ఒప్పందము రిజిస్టరు కాకముందు ధరలో 10 శాతమునకు మించి తీసికొనరాదు. ఇల్లు అప్పగించిన 5 సంవత్సరములలోపు కట్టుబడి లోపము కనబడి తెలియజేస్తే, బిల్డరే తన ఖర్చుతో బాగుచేయాలి.

చివరిగా ఒక మాట. ఆ ఇంట ఎక్కువ గంటలు గడిపేది ఇల్లాలు, ముసలి తల్లిదండ్రులు. వారిని తీసికొనిపోయి చూపించక సంతకము చేయకండి. తొందరపెట్టే అమ్మకందారుని కంటె, వాన కురిసిన మరునాటి వీధి ఎక్కువ నిజము చెప్పును.