'రైస్' వ్యుత్పత్తి – 'అరిసి' వాద ఖండన

ఆంగ్లంలోని 'రైస్' తమిళ 'అరిసి' నుంచి పుట్టిందన్న మాట ఇప్పటికీ సిద్ధాంతంగా చెలామణి అవుతోంది. గ్రీకు 'ఒరూజా'ను అరిసితో ముడిపెట్టినవాడు కాల్డ్వెల్ అంతటి పండితుడు కావడంతో తరువాతివారికి పరీక్ష అనవసరమనిపించింది.

ఈ వాదానికి ఆయువుపట్టు ధ్వనిసామ్యం. ఆ సామ్యం ఏనాటిది? ఆంగ్లం ఈ పదాన్ని 13వ శతాబ్దిలో పాత ఫ్రెంచి 'రిస్' నుంచి గ్రహించింది. ఫ్రెంచికి మూలం ఇటాలియన్ 'రీసో'; దాని వెనుక లాటిన్ 'ఒరీజా' ఉంది. పదాది అచ్చు ఇటాలియన్‌లో లోపించింది. 'ఐ' ఉచ్చారణ ఆంగ్ల దీర్ఘాచ్చులు మారిన తరువాతిది. కనుక 'రైస్' పక్కన 'అరిసి'ని నిలిపి పోల్చడం శాస్త్రం కాదు, చెవి చేసే తీర్పు మాత్రమే.

లాటిన్ రూపానికీ అరిసికీ పోలిక లేదా అన్న ఆక్షేపం సహేతుకమే. అయితే లాటిన్‌కు ఈ పదం గ్రీకు పెట్టిన భిక్ష. రోమను నౌకలు ముచిరి రేవుకు వరుసకట్టడానికి మూడు శతాబ్దుల ముందే, క్రీ.పూ. 4వ శతాబ్దిలో, థియోఫ్రాస్టస్ వరిని వర్ణించాడు. అలెగ్జాండర్ వెంట నడిచిన అరిస్టోబులస్ బాక్ట్రియా, బాబిలోనియా, సూసా ప్రాంతాల వరిసాగును పేర్కొన్నట్లు స్ట్రాబో రాశాడు. గ్రీకులు ధాన్యాన్ని చూసిన దారి ఇరాన్ మీదుగా సాగింది. పదం మాత్రం మరో దారిన వచ్చిందనేవారు ఆధారం చూపాలి.

రూపమూ ఆ దారినే సూచిస్తోంది. పర్షియన్ 'బిరింజ్', పష్తో 'వ్రిజె', సంస్కృత 'వ్రీహి' మూడింటా పదాదిని ఓష్ఠ్యధ్వని ఉంది. అట్టిక్ గ్రీకులో వకారం లేదు. పరభాషా వకారాన్ని అది ఒకారంతో సూచించగలదు. సంస్కృత హకారానికి ఇరానీ జకారం సమానమవడం 'హస్త–జస్త', 'అహం–అజెం' జంటలలో ప్రసిద్ధమే. ఇరానీ రూపాన్ని అంగీకరిస్తే 'ఒరూజా'లోని జకారానికి వేరే వివరణ అక్కరలేదు.

ఇంతటితో ద్రావిడ సంబంధం తెగిపోదు. వ్రీహి శబ్దం ఋగ్వేదంలో లేదు. అథర్వవేదంలో తొలిసారి కనిపిస్తుంది. అది వైదిక భాషకు ఆదానమే కావచ్చు. అప్పుడు పరిశీలనార్హమైనది అరిసి కాదు, పదాది వకారం నిలుపుకొన్న 'వరి'. విచిత్రమేమంటే తెలుగువారు సైతం ఈ చర్చలో తమ మాటను వదిలి అరిసినే ఉదాహరిస్తున్నారు! బరో, ఎమెనోల నిఘంటువు ఈ రెంటినీ వేర్వేరు ఆరోపాలుగా ఇచ్చింది. రెంటికీ ఒకే మూలరూపం కల్పించదలచినవారు తమిళ అరిసి, మలయాళ అరి, కన్నడ అక్కి రూపాలలో ఆ వకారం ఏ సూత్రం వల్ల లోపించిందో ముందుగా నిరూపించాలి.