మల్లునకు పట్టము కట్టువారెవరు?

ఇబ్రహీంపట్టణములోను, నాగార్జునసాగరపు బాట వెంబడి గ్రామములలోను నేడు బాలుర నోట మిశ్రమ యుద్ధకళలను మాట తఱచుగా వినవచ్చుచున్నది. పిడికిటి పోటు, కాలి తన్ను, కుస్తీ పట్టు, గొంతు బిగింపు, ఇన్నింటిని కలిపి, జాలి పంజరములో ఇద్దఱిని నిలిపి పోరించు విద్యకు ఆ పేరు. ఈ ముచ్చటను పల్లెలకు తెచ్చినది సినిమా. 2003లో ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ కిక్ బాక్సింగును చూపెను. 2022లో ఆ దర్శకుడే తీసిన ‘లైగర్’ పంజరపు పోరును చూపెను. ఆ చిత్రము ఆడలేదు గాని అది పుట్టించిన కోరిక మాత్రము నిలిచినది. కొడుకు హైదరాబాదులో శిక్షణకు చేరెదననును. తండ్రి ప్లాటుగా అమ్మిన చెలక సొమ్ములోనుండి కొంత తీసి యిచ్చును. ఈ తండ్రులతో మేము కొన్ని మాటలు చెప్పదలచితిమి. బిడ్డలచే ఆ విద్య మానిపింపుడనుట మా యుద్దేశము గాదు. ఆ వృత్తిలో విజేత యెట్లు పుట్టునో, వానిని నిర్ణయించు వారెవరో, ఆ నిర్ణయించువారిని ప్రశ్నింపగల వారెవరో విచారింపుడని మాత్రమే మా ప్రార్థన.

ఈ విచారణకు పనికివచ్చు జీవిత మొకటి మనకు దూరమున లేదు. నిజామాబాదు పుత్రిక నిఖత్ జరీన్ చరిత్ర అట్టిది. ఆమెది ముష్టియుద్ధము, పంజరపు పోరు గాదు. విద్యలు వేఱైనను మా ప్రశ్న రెండింటికిని ఒక్కటే.

నిఖత్ 1996 జూన్ 14న జన్మించెను. తండ్రి మహమ్మదు జమీల్ అహ్మదు స్వయముగా క్రీడాకారుడు. బిడ్డను పరుగు పందెములకై మైదానమునకు తీసికొని పోవుచుండెను. ముష్టియుద్ధపు బరిలో బాలిక యొక్కతెయైన లేకుండుట చూచి, ఇందు ఆడుపిల్ల లేల లేరని ఆమె తండ్రి నడిగెను. ఆ ప్రశ్నయే ఆమె చేతికి గ్లవుజులు తొడిగినది. 2011లో తుర్కీ దేశపు అంతాల్యాలో జరిగిన బాలికల ప్రపంచపోటీలో స్వర్ణపతకము గెలిచెను. 2017లో భుజపు కీలు తప్పి చాలకాలము బరికి దూరమయ్యెను. ఇంతవరకు ఇది పట్టుదల గల క్రీడాకారు లెందఱకో గల కథయే. దీనికి ప్రత్యేకత 2019లో వచ్చినది.

టోక్యో ఒలింపిక్సునకు అర్హత పోటీలు సమీపించినవి. 51 కిలోల తూనికలో భారతదేశము తరఫున ఎవరిని పంపవలెనను ప్రశ్న పుట్టినది. ఆఱు పర్యాయములు ప్రపంచ విజేతయైన మేరీ కోమ్ ఆ తూనికలోనే యుండెను. ఎంపిక పోరు లేకయే ఆమెను పంపుటకు సమాఖ్య మొగ్గెను. అప్పుడు ఇరువదిమూడేండ్ల నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి బహిరంగముగా లేఖ వ్రాసెను. తనను పంపుడని ఆమె కోరలేదు. తనకొక పోరు పెట్టుడని కోరెను. ఈతలో ఇరువదిమూడు ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన మైకేల్ ఫెల్ప్సునకును ప్రతి పర్యాయము అర్హత సంపాదించుకొనక తప్పలేదని జ్ఞాపకము చేసెను. పెద్దల నెదిరించిన చిన్నదాని యహంకారమని కొందఱు మూతి విఱిచిరి. తుదకు పోరు జరిపింపక తప్పలేదు. 2019 డిసెంబరులో ఢిల్లీలో మేరీ కోమ్ ఆమెను 9-1 లెక్కతో ఓడించెను.

ఆ దినమున నవ్వినవారు చాలమంది. మాకు మాత్రము నిఖత్ జీవితములోని పతకములన్నింటికంటె ఈ యోటమియే గొప్పగా దోచుచున్నది. ఓడుటకు తగిన హక్కును పోరాడి సంపాదించుకొని, పిదప బరిలో నిలిచి ఓడినది. మేరీ కోమ్ కీర్తికి ఇందువలన లోపము రాలేదు సరికదా, ఎవరి దయవలననో గాక తన భుజబలమువలననే తాను పోవుచున్నానని లోకమునకు చూపుకొనుటకు ఆమెకును అవకాశము కలిగినది.

నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతములలో జాతర కుస్తీ లింకను చచ్చిపోలేదు. కొబ్బరికాయ కుస్తీతో మొదలిడి వెండి కడియపు కుస్తీతో ముగింతురు. జోడు కుదుర్చువాడు ఊరిపెద్దయే యైనను, వెన్ను మట్టికి తగిలినదో లేదో ఊరంతయు కన్నులార చూచును. తప్పుడు తీర్పు చెప్పిన పెద్ద మఱునాడు రచ్చబండ దగ్గఱ తల యెత్తి కూర్చుండలేడు. ఆ నేలనుండి వచ్చిన పిల్ల పోటీ లేని యెంపికను సహింపకపోవుట మాకు వింతగా దోచలేదు.

తరువాతి కథ పాఠకు లెఱిగినదే. 2022 మే 19న ఇస్తాంబులులో థాయిలాండు యువతి జిత్‌పాంగ్ జుతామాస్‌ను 5-0తో గెలిచి నిఖత్ ప్రపంచ విజేత యయ్యెను. ఆ సంవత్సరమే బర్మింగుహాము కామన్వెల్తు క్రీడలలో స్వర్ణము, 2023లో ఢిల్లీలో రెండవ ప్రపంచ బిరుదము, ఆ యేడే ఆసియా క్రీడలలో కాంస్యము లభించినవి. తెలంగాణ ప్రభుత్వము 2022లో రెండు కోట్ల రూపాయల బహుమానము నిచ్చెను. 2024లో పోలీసు శాఖలో డి.ఎస్.పి. ఉద్యోగము నిచ్చెను. 2024 పారిసు ఒలింపిక్సులో మాత్రము విధి మఱొక విధముగా నడచినది. రెండు పర్యాయములు ప్రపంచ విజేతయైన ఆమెకు అచ్చట సీడింగులో స్థానమే లేకపోయెను. అందుచేత రెండవ పోరులోనే చైనా దేశపు ప్రపంచ విజేత వూ యూ ఎదురై, 5-0తో ఓడించెను. ముష్టియుద్ధపు ప్రపంచ సంఘమునకు ఒలింపిక్ సంఘము 2023లో గుర్తింపు తొలగించియుండెను. పారిసు పోటీలను ఒలింపిక్ సంఘమే స్వయముగా నడిపెను. ఏనుగులు పోరాడుకొన్న చోట గడ్డి నలుగుట సహజము.

ఇన్ని లోపములున్నను ఈ ప్రజాక్రీడలో ఒక సదుపాయము కలదు. లేఖ వ్రాయుటకు మంత్రి యొకడున్నాడు. అడుగుటకు పత్రిక లున్నవి. అంతకును గానిచో న్యాయస్థాన మున్నది. పంజరపు పోరులో దిగిన యువకుడు లేఖ నెవరికి వ్రాయవలెను?

ఆ విద్య పుట్టుక చూడుడు. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వరు నగరములో ఒక సంస్థ యోధులను పిలిచి, తూనికల భేదము పాటింపక, ఒకే రాత్రి వరుసగా పోరించెను. కఱచుట, కన్ను పొడుచుట వంటివి తప్ప దాదాపు అన్నియు చెల్లినవి. బ్రెజిలు దేశపు రాయిస్ గ్రేసీ యను సన్నని యువకుడు జుజుత్సు పట్టులతో తనకంటె బరువైనవారిని లొంగదీసి గెలిచెను. 1996లో సెనేటరు జాన్ మెకెయిన్ దీనిని మాన్పింపుడని రాష్ట్రముల గవర్నరులకు లేఖలు వ్రాసెను. ఆ యెదిరింపే ఈ క్రీడకు మేలు చేసినదని మా యభిప్రాయము. తరువాతి నాలుగైదేండ్లలో న్యూజెర్సీ రాష్ట్రము పూనుకొని నియమావళి నేర్పఱచెను. తూనికలు వచ్చినవి, గ్లవుజులు వచ్చినవి, అయిదేసి నిమిషముల రౌండ్లు వచ్చినవి, నిషిద్ధమైన దెబ్బల పట్టిక వచ్చినది. నేడు పంజరములో జరుగునది వట్టి వీధి కొట్లాట యనువారు దానిని చూచి యెఱుగనివారు.

దేహమునకు నియమములు వచ్చినవి గాని జీవనోపాధికి రాలేదు. పంజరపు పోరులో పోటీ నడుపునది ఒక సంస్థ. యోధుల వరుస నిర్ణయించునది ఆ సంస్థయే. బెల్టు ఆ సంస్థ సొత్తు. ఎవడెవనితో ఎప్పుడు పోరాడవలెనో చెప్పునదియు అదియే. వృత్తి ముష్టియోధుల రక్షణకై అమెరికావారు 2000లో ముహమ్మదు అలీ పేర నొక శాసనము చేసిరి. బలవంతపు ఒప్పందములను అరికట్టుట, లెక్కలు యోధునకు చూపించుట దాని లక్ష్యములు. దానిని పంజరపు యోధులకును వర్తింపజేయవలెనని, తానును ఒకప్పుడు పంజరములో పోరాడిన కాంగ్రెసు సభ్యుడు మార్క్‌వేన్ మలిన్ 2016లో ఒక బిల్లు తెచ్చెను. అది శాసనము కాలేదు. డెన్వరులో పుట్టిన ఆ సంస్థపై, తమకు న్యాయముగా రావలసిన ప్రతిఫలమును అణచివేసెనని 2010-2017 నడుమ పోరాడిన యోధులు వేసిన దావా 37 కోట్ల 50 లక్షల డాలర్లకు పరిష్కారమై, 2025లో న్యాయస్థానపు తుది యామోదము పొందినది. దావా వేసిన పదేండ్లకు గాని ఆ సొమ్ము కంటబడలేదు.

మన సంతతివాని యనుభవము నొకదానిని చెప్పెదము. కెనడాలో పుట్టిన పంజాబీ మల్లుడు అర్జన్ సింగ్ భుల్లర్ 2010 ఢిల్లీ కామన్వెల్తు క్రీడలలో ఆ దేశము తరఫున కుస్తీ స్వర్ణము గెలిచెను. 2012 లండను ఒలింపిక్సులో పాల్గొనెను. పిదప పంజరపు పోరులో ప్రవేశించి, తలపాగాతోనే బరికి నడచివచ్చెను. 2021 మే నెలలో సింగపూరు సంస్థయొకటి ‘దంగల్’ అను పేరుతో నడపిన పోటీలో బ్రాండన్ వేరాను రెండవ రౌండులో కూల్చి, భారీ తూనిక ప్రపంచ బెల్టు ధరించెను. భారతీయ సంతతివాడు ఇట్టి బిరుదము నందుట అదియే మొదలని అందఱును పొగడిరి. మఱల ఆయన పంజరములో అడుగుపెట్టినది 2023 జూన్‌లో! నడుమ ఒప్పందపు చర్చలు తెగలేదు. పిదప గాయము తగిలినది. ఈలోపల సంస్థ మఱొకనికి తాత్కాలిక బెల్టు కట్టెను. రెండేండ్లకు బరికి వచ్చిన భుల్లర్ ఆ రష్యా మల్లుడు అనతోలీ మాలిఖిన్ చేతిలో ఓడెను. తప్పెవరిదో చెప్పుట మా పని గాదు. రెండేండ్లు బీడుపెట్టిన చెలకను మఱల దున్నవచ్చును. ముప్పదియైదేండ్ల మల్లుని రెండేండ్లను ఎవరును తెచ్చి యియ్యలేరు.

సంస్థ లన్నియు దుష్టములని మేము చెప్పము. 2024 జూన్‌లో అమెరికా బరిలో గెలిచిన పూజా తోమర్ ఉత్తర ప్రదేశములోని బుఢానా అను చిన్న ఊరి పిల్ల. ఆమెకు ఆ యవకాశము నిచ్చినది సంస్థయే.

మనవారిలో బలమునే వృత్తిగా జేసికొన్న కోడి రామమూర్తి నాయుడుగారిని ఈ సందర్భమున తలపకుండుట యెట్లు? వీరఘట్టమున పుట్టి, విజయనగరములో వ్యాయామోపాధ్యాయులుగా నుండి, పిదప సర్కసు సంస్థ నడపిరి. ఱొమ్మునకు చుట్టిన గొలుసును ఊపిరి బిగించి తెంచిరి. మోటారుకార్లను కదలనీయక నిలిపిరి. ఏనుగును ఱొమ్ముపై నెక్కించుకొనిరి. కలియుగ భీముడని దేశమంతయు జేజేలు పలికినది. తుదిదశలో కాలి వ్రణము ముదిరి కాలు తీసివేయవలసివచ్చెను. 1942 జనవరిలో స్వస్థలమునకు దూరముగా, ఒరిస్సాలోని బలంగీరులో కన్నుమూసిరి. నేడు విశాఖ సముద్రతీరమున ఆయన విగ్రహ మున్నది. విగ్రహమునకు వైద్యుడక్కఱలేదు గనుక అందులో మనకు వచ్చు ఖర్చు తక్కువ.

2022 జూలైలో బెంగుళూరులో జరిగిన కిక్ బాక్సింగు పోటీలో మైసూరు యువకు డొకడు తలకు దెబ్బ తగిలి పడిపోయి, రెండు మూడు దినములలో మరణించెను. బరిదగ్గఱ తగిన వైద్యసహాయము సిద్ధముగా లేదని అతని కుటుంబమువారు ఆరోపించిరి. నిర్వాహకులపై పోలీసులు కేసు నమోదు చేసిరి. కేసు వలన ఆ బిడ్డ తిరిగివచ్చునా? అమెరికా రాష్ట్రములలో దెబ్బతిని స్పృహ తప్పినవానిని కొన్ని వారములు, ఒక్కొకప్పుడు నెలలు, బరిలోనికి రానీయని నియమము కలదు. మన పట్టణములలో రంగుదీపములు వెలిగించి, టిక్కెట్టు పెట్టి పోరు నడపువాడు వేదికకు అనుమతి తెచ్చుకొనును, మైకునకు అనుమతి తెచ్చుకొనును. వైద్యుడును, ఆంబులెన్సును, యోధుని పేర బీమాయు లేనిదే ఆ యనుమతి దొరకకుండునట్లు తెలంగాణ ప్రభుత్వము ఉత్తరువు చేయవలెను. దీనికి పెద్ద సొమ్ము అక్కఱలేదు.

ఇబ్రహీంపట్టణపు రైతు ఎకరము భూమి కొనునపుడు పహాణీ చూచును, ఇ.సి. తీయించును, హద్దులు కొలిపించును, లింకు దస్తావేజులు వకీలునకు చూపించును. ఇంత జాగ్రత్తగల మనుష్యుడు, కొడుకు దేహమును కొన్నేండ్లకు వ్రాసియిచ్చు కాగితమును చదువకయే సంతకము చేయించుట ఎట్లు? ఏడాదికి ఎన్ని పోరు లిత్తురు? ఓడిన రాత్రి ఏమి చెల్లింతురు? ఎముక విఱిగినచో వైద్యుని కెవరు చెల్లింతురు? ఒప్పందము నడుమ మఱొక సంస్థకు పోవచ్చునా? తగవు వచ్చినచో రంగారెడ్డి జిల్లా కోర్టులో తేలునా, సముద్రముల కావలి నగరములోనా? వీనికి జవాబులు తెలుగులో వ్రాయించుకొని, వకీలునకు చూపించి గాని వ్రేలు కదలింపరాదు. శిక్షణ యిచ్చు వస్తాదు ఈ ప్రశ్నలకు కోపగించుకొన్నచో ఆ తండ్రి అచ్చట మఱి కూర్చుండ నక్కఱలేదు.

2026 ఆసియా క్రీడల పట్టికలో మిశ్రమ యుద్ధకళలను చేర్చుటకు 2025లో నిర్ణయము జరిగినది. సంస్థల బెల్టులకై గాక, దేశము పేర ఈ విద్యలో పతకమునకు పోరు బాట దానితో తెఱువబడినది. ఆ బాటలో మన పిల్లలను పంపు ప్రతి పర్యాయము, ఎంపిక పోరు ఎచ్చట, ఏ దినమున, ఏ తూనికలలో జరుగునో, తీర్పరు లెవరో ముందుగా బహిరంగముగా ప్రకటింపవలెనని కేంద్ర క్రీడాశాఖను మేము కోరుచున్నాము. ఆ ప్రకటన తెలుగులోను వెలువడవలెను.