పురస్కారాలు సరే, ప్రదర్శనకు తెర ఏదీ?

రాయ్‌పూర్ నగరానికి పశ్చిమాన, భిలాయ్ ఉక్కు నగరానికి దారితీసే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద ఉన్న కూడలి టాటీబంధ్. ఒకవైపు ఎడతెగని లారీల రాకపోకలు, మరొకవైపు 2012లో బోధన ప్రారంభమైన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఈ ప్రాంతానికి గుర్తులు. పలు రాష్ట్రాల నుంచి వచ్చిన ఉద్యోగులు, విద్యార్థులు, డ్రైవర్లు, రోగుల బంధువులు కలిసే ఇటువంటి కూడలిలో శుక్రవారం నాటి సంభాషణకు కొత్త చిత్రాల విడుదల సహజమైన విషయం. పురస్కారాల కాలం వచ్చిందంటే ఆ సంభాషణ ‘ఏ చిత్రం బాగున్నది’ అన్న ప్రశ్న దగ్గర ఆగదు; ‘ఏ చిత్రానికి బహుమతి వస్తుంది’ అన్న ప్రశ్నకు మారుతుంది. అయితే ఈ రెండవ ప్రశ్నకు సమాధానం చెప్పగల స్థితిలో టాటీబంధ్ ప్రేక్షకుడు ఉన్నాడా అన్నది ఆలోచించవలసిన అంశం. బహుమతికి పోటీపడే చిత్రాలలో అధిక భాగం అతని ఊరి తెర వరకు రావడం లేదు.

ఇది ఒక్క రాయ్‌పూర్ సమస్య కాదు. కాని హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు, ఒడియా భాషల వారు కలిసి జీవించే ఈ నగరంలో సమస్య స్వరూపం మరింత స్పష్టంగా కానవస్తుంది.

మాట మారిన తెలుగు చిత్రం

ఛత్తీస్‌గఢ్‌లో తెలుగువారి ఉనికి కొత్తది కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే విజయనగరాన్ని రాయ్‌పూర్‌తో కలిపినప్పటి నుంచి కోస్తా జిల్లాల వారి రాకపోకలు పెరిగాయి. 1959లో భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన తరువాత మరెన్నో కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఆ కుటుంబాలలో రెండవ, మూడవ తరాల వారు ఇంట తెలుగు మాట్లాడినా, బడిలో చదివింది హిందీ. వారికి తెలుగు లిపికన్నా తెలుగు సినిమాయే మాతృభాషతో మిగిలిన దగ్గరి బంధమని చెప్పవచ్చు.

విచిత్రమేమంటే, తెలుగు చిత్రాలకు ఉత్తరాదిన ఇంతకు ముందెన్నడూ లేనంత ఆదరణ లభిస్తున్న ఈ రోజులలోనే ఆ బంధం హిందీ గొంతుతో పలుకుతున్నది. 2000 దశకం రెండవ భాగం నుంచి హిందీ ఉపగ్రహ ఛానళ్లలోనూ, ఆ తరువాత యూట్యూబ్‌లోనూ అనువాద చిత్రాలు విరివిగా ప్రసారమై తెలుగు కథానాయకులకు హిందీ ప్రాంతంలో గుర్తింపు తెచ్చాయి. 2017 ఏప్రిల్ 28న విడుదలైన ‘బాహుబలి’ రెండవ భాగం హిందీ రూపం 500 కోట్ల రూపాయలకు పైగా నికర వసూళ్లు సాధించిందని వ్యాపార వర్గాల అంచనా. 2024 డిసెంబరు 5న విడుదలైన ‘పుష్ప 2’ హిందీ రూపం అదే లెక్కన 800 కోట్లు దాటింది. రాయ్‌పూర్ వంటి నగరాల ప్రేక్షకులు ఈ వసూళ్లలో భాగస్వాములు.

2023 ఆగస్టు 24న ప్రకటించిన 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ‘పుష్ప’ మొదటి భాగానికిగాను అల్లు అర్జున్ ఉత్తమ నటుడుగా ఎంపికయ్యారు. ఒక తెలుగు నటునికి ఈ గౌరవం దక్కడం అదే ప్రథమం. కాని ఆ నటనను హిందీ ప్రాంత ప్రేక్షకులు విన్నది శ్రేయస్ తల్పడే గళంలో. జాతీయ పురస్కారాల నిబంధనలు అనువాద రూపాలను పరిశీలనకు స్వీకరించవు. అంటే న్యాయనిర్ణేతలు చూసిన చిత్రం ఒకటి, టాటీబంధ్ వాసి చూసిన చిత్రం మరొకటి. చిత్తూరు మాండలికంలో పలికిన సంభాషణలకు వచ్చిన పేరు ఎక్కడిదో హిందీ రూపం మాత్రమే చూసినవారికి అర్థం కాకపోతే అది వారి తప్పు కాదు.

మొదటి వారమే తీర్పు

పెద్ద చిత్రాల సంగతి ఇలా ఉండగా, చిన్న చిత్రాల పరిస్థితి మరింత క్లిష్టమైనది. ఇందుకు కారణం ప్రేక్షకుల అభిరుచి లోపమేనని చిత్ర పరిశ్రమలో తరచు వినిపించే వాదన. పంపిణీ వ్యవస్థ పనిచేసే తీరును పరిశీలిస్తే ఆ వాదన సగమే నిజమని తేలుతుంది.

నిర్మాతలకు, మల్టీప్లెక్స్ యాజమాన్యాలకు మధ్య 2009లో తలెత్తిన ప్రతిష్టంభన తరువాత కుదిరిన ఒప్పందం ప్రకారం, పన్నులు పోను మిగిలిన వసూళ్లలో పంపిణీదారుని వాటా మొదటి వారం 50 శాతం, రెండవ వారం 42.5 శాతం, మూడవ వారం 37.5 శాతం, ఆపైన 30 శాతం. హిందీ చిత్రాల వ్యాపారానికి ఇది చాలాకాలం ప్రాతిపదికగా నిలిచింది. వారాలు గడిచేకొద్దీ తన వాటా తగ్గిపోతుంది కనుక పంపిణీదారుడు మొదటి మూడు రోజులలోనే వీలైనన్ని తెరలను ఆక్రమించాలని చూడడం సహజం. పెద్ద చిత్రం వచ్చిన శుక్రవారం మిగిలిన చిత్రాలకు ఉదయం ఆటో, అర్ధరాత్రి దాటి ముగిసే ఆటో మిగులుతుంది. ఆ వేళలలో ప్రేక్షకులు రాలేదన్న కారణంతోనే మరుసటి వారం ఆ చిత్రాన్ని తొలగిస్తారు. ఆ నోటా ఈ నోటా పేరు తెచ్చుకోవలసిన చిత్రానికి ఆ వ్యవధి చిక్కదు.

దీనికి తోడు డిజిటల్ ప్రదర్శన పరికరాల వ్యయం రాబట్టుకునేందుకు నిర్మాతలు, పంపిణీదారుల నుంచి వసూలు చేస్తున్న ‘వర్చువల్ ప్రింట్ ఫీజు’ ఉన్నది. వందల తెరల మీద రోజుకు అయిదారు ఆటలు పడే చిత్రానికి ఈ రుసుము లెక్కలోనిది కాదు. పరాయి రాష్ట్రంలో ఒక్క తెర మీద రోజుకు ఒక్క ఆట వేయదలచిన చిత్రానికి మాత్రం అది వచ్చే ఆదాయాన్ని మింగివేసే భారం. 140 కోట్ల జనాభా దాటిన దేశంలో ఉన్న సినిమా తెరలు పదివేల లోపే అన్న వాస్తవాన్ని కూడా కలిపి చూస్తే చిన్న చిత్రానికి చోటెందుకు దొరకదో తెలుస్తుంది.

ఈ అడ్డంకులను దాటిన చిత్రాలు లేకపోలేదు. 2022 ఆగస్టులో ‘కార్తికేయ 2’ హిందీ రూపం కొద్దిపాటి ఆటలతోనే మొదలైంది. చూసినవారి మెప్పుతో రోజురోజుకూ ఆటలు పెరిగి హిందీ ప్రాంతంలో అనూహ్య విజయం సాధించింది. ఆ చిత్రమే 2024 ఆగస్టులో ప్రకటించిన 70వ జాతీయ పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపిక కావడం గమనార్హం. ప్రేక్షకుల తీర్పు, న్యాయనిర్ణేతల తీర్పు ఎప్పుడూ విరుద్ధమే కానక్కర లేదని ఇది రుజువు చేస్తున్నది. అయితే పురాణ నేపథ్యం, సాహసయాత్ర, గ్రాఫిక్స్ ఉన్న చిత్రానికి లభించిన అవకాశం, కరీంనగర్ ప్రాంతపు పల్లెలో ఒక చావు చుట్టూ తిరిగే కుటుంబ కథకు లభించడం కష్టం.

వేణు యెల్దండి దర్శకత్వంలో 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’ అటువంటి కథే. తెలంగాణ పల్లెలలో గ్రామ కూడళ్లలో తెరలు కట్టి ఊరంతా కూర్చుని ఈ చిత్రాన్ని చూశారు. ఇందులోని పాటకు కాసర్ల శ్యామ్ 2025 ఆగస్టు 1న ప్రకటించిన 71వ జాతీయ పురస్కారాలలో ఉత్తమ గీత రచయితగా ఎంపికయ్యారు. చూడాలన్న కోరిక బలంగా ఉంటే థియేటర్ లేని చోట కూడా ప్రేక్షకులు సమకూరుతారనడానికి ఇది చక్కని నిదర్శనం.

ఛత్తీస్‌గఢీ అనుభవం

తమ చిత్రానికి తెర దొరకడం లేదన్న బాధ తెలుగువారిది మాత్రమే కాదు. ఛత్తీస్‌గఢీ భాషలో తొలి చిత్రం ‘కహి దేబే సందేస్’ 1965లోనే వచ్చింది. మను నాయక్ నిర్మించి దర్శకత్వం వహించిన ఆ చిత్రం కులాల అంతరాన్ని ప్రశ్నించింది. 1971లో ‘ఘర్ ద్వార్’ వచ్చిన తరువాత సుదీర్ఘ విరామం ఏర్పడింది. ప్రత్యేక రాష్ట్రం అవతరించిన 2000 సంవత్సరంలోనే విడుదలైన సతీష్ జైన్ చిత్రం ‘మోర్ ఛైంహా భుంయా’ ఘనవిజయంతో గాని ఆ పరిశ్రమ మళ్లీ నిలదొక్కుకోలేదు.

మనోజ్ వర్మ దర్శకత్వం వహించిన ‘భూలన్ ద మేజ్’ 2021 మార్చిలో ప్రకటించిన 67వ జాతీయ పురస్కారాలలో ఉత్తమ ఛత్తీస్‌గఢీ చిత్రంగా ఎంపికైంది. ఎనిమిదవ షెడ్యూలులో చోటు లేని భాషకు ఇది అసాధారణ గౌరవమే. కాని ఆ చిత్రం థియేటర్లలో విడుదలైంది 2022 మే నెలలో. కరోనా విపత్తు కొంత కారణమైనప్పటికీ, పురస్కారం వచ్చిన పద్నాలుగు నెలలకు గాని సొంత రాష్ట్ర ప్రేక్షకులు దానిని చూడలేకపోయారన్నది కాదనలేని సత్యం. రాష్ట్ర ప్రభుత్వం 2021లో చలనచిత్ర విధానాన్ని ప్రకటించింది. నవా రాయ్‌పూర్‌లో ఫిల్మ్ సిటీ నిర్మాణానికి కేంద్ర సహాయం కూడా మంజూరైంది. ఇవన్నీ చిత్రీకరణకు తోడ్పడేవి. తీసిన చిత్రాన్ని చూపడం ఎలాగన్న ప్రశ్నకు వీటిలో దొరికే సమాధానం స్వల్పం.

ఆస్కార్ చెప్పిన పాఠం

పురస్కారానికి, తెరకు గల సంబంధాన్ని అన్నిటికన్నా స్పష్టంగా చూపినది ‘ఆర్ఆర్ఆర్’ ఉదంతం. అంతర్జాతీయ చిత్ర విభాగంలో ప్రతి దేశం ఒక్క చిత్రాన్నే పంపాలి. ఆ అవకాశం తెలుగు చిత్రానికి దక్కింది 1986 నాటి ‘స్వాతిముత్యం’తో మాత్రమే. 2022లో భారత చలనచిత్ర సమాఖ్య నియమించిన సంఘం గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ను ఎంపిక చేసింది. ‘ఆర్ఆర్ఆర్’ కథ అక్కడితో ముగిసిపోలేదంటే అందుకు కారణం అది అమెరికా థియేటర్లలో వాణిజ్యపరంగా ఆడి ఉండడమే. నిర్ణీత నగరాలలో ఏదో ఒకచోట కనీసం ఏడు రోజులు ప్రదర్శితమైన చిత్రం సాధారణ విభాగాలలో పోటీకి అర్హమవుతుంది. 2022 మార్చి 25న విడుదలైన చిత్రాన్ని మొదట ప్రవాసాంధ్రులు చూశారు; జూన్‌లో ప్రత్యేక ప్రదర్శనలు ఏర్పాటైనప్పుడు అమెరికన్లూ చూశారు. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చి 12న ఆస్కార్ ‘నాటు నాటు’ గీతానికి లభించాయి. కీరవాణి, చంద్రబోస్ ఆ వేదిక ఎక్కారు.

డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబం కొత్త తెలుగు చిత్రాన్ని తెలుగులోనే, ఇంగ్లీషు ఉపశీర్షికలతో, తరచు భారతదేశంలో కన్నా ముందుగానే చూడగలుగుతున్నది. విజయనగరం నుంచి నేరుగా రైలుమార్గమున్న రాయ్‌పూర్‌లో మాత్రం అగ్రనటుల చిత్రాలకు తప్ప ఆ భాగ్యం ఆశించలేము. దూరం కన్నా గిట్టుబాటే ఇక్కడ నిర్ణాయకమవుతున్నది.

చేయదగినదేమిటి?

ఒకప్పుడు దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రాలను ఉపశీర్షికలతో ప్రసారం చేసేది. పురస్కారాలు పొందిన మలయాళ, బెంగాలీ, కన్నడ, తెలుగు చిత్రాలను దేశంలోని మారుమూల ప్రాంతాల వారు కూడా చూడగలిగింది ఆ ప్రసారాల వల్లనే. ఛానళ్ల సంఖ్య పెరిగిన తరువాత ఆ సంప్రదాయం ప్రాధాన్యం కోల్పోయింది. నేడు ఓటీటీ వేదికలు ఆ లోటు తీరుస్తున్నాయని అనేవారున్నారు. చందా కట్టగలిగి, ఏది చూడాలో ముందే తెలిసినవారికి అది నిజమే. కాని నలుగురూ కలిసి చూసి, బయటికి వచ్చి చర్చించుకునే అనుభవం చేతిలోని ఫోను ఇవ్వలేదు.

పురస్కారం ప్రకటించే ప్రభుత్వాలే ఆ చిత్రాల ప్రదర్శన బాధ్యతలో కొంత స్వీకరించడం న్యాయం. 1964లో నెలకొల్పిన నంది పురస్కారాలు 2017 నవంబరు నాటి ప్రకటన తరువాత ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ పురస్కారాలు ప్రదానం చేయడం స్వాగతించదగిన పరిణామమే. అయితే సత్కార సభతో ఆగిపోకుండా, ఎంపికైన చిత్రాలను పొరుగు రాష్ట్రాలలోని తెలుగువారికి చూపేందుకు అక్కడి తెలుగు సంఘాలతో కలిసి ఏర్పాట్లు చేయవచ్చు. పురస్కృత చిత్రాలకు వారానికి ఒక్క ఆట అయినా ఉపశీర్షికలతో కేటాయించే థియేటర్లకు రాయితీ ఇవ్వవచ్చు. ఆ ఆటకు డిజిటల్ రుసుమును మినహాయించేలా ఒప్పించవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్టుపై జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. తక్కువ ధరకు ఇటువంటి ఆటలు నడిపేందుకు ఈ తగ్గింపు కొంత వెసులుబాటు కల్పిస్తుంది.

ఇందువల్ల భారీ లాభాలు రావు. వందమంది వస్తే అదే పదివేలుగా భావించవలసి ఉంటుంది. కాని చూసే అవకాశం కల్పించకుండానే మంచి చిత్రాలను ప్రజలు ఆదరించడం లేదని నిందించడం సమంజసం కాదు. రాబోయే పురస్కారాల ప్రకటన వెలువడిన రోజున టాటీబంధ్ కూడలిలో చర్చ మళ్లీ సాగుతుంది. విజేతల జాబితాలోని చిత్రాలలో తాము చూసినవి ఎన్ని అని అక్కడివారు లెక్క పెట్టుకుంటే, వేళ్ల మీద మిగిలేవి ఒకటో రెండో. ఆ సంఖ్య పెరిగినప్పుడే జాతీయ పురస్కారం అన్న మాటలోని ‘జాతీయ’ పదానికి సార్థకత చేకూరుతుంది.