గాలిపరుపు మీద తేలే కొడవలి

ఆంగ్లంలోని ‘హోవర్’ అనే క్రియ అనువాదకులను ఇబ్బంది పెట్టే మాటలలో ఒకటి. ముందుకు సాగక, కిందికి వాలక, గాలిలో ఉన్నచోటనే నిలిచి ఉండడం దాని అర్థం. కొలను మీద తూనీగ చేసే పని అదే. అయినా దానికి తగిన ఒక్కమాట మనకు చప్పున తోచదు. అటువంటి మాట గడ్డి కోసే యంత్రానికి పేరయిన కథ వినదగినది.

పచ్చిక కత్తిరించే యంత్రానికి ఆద్యుడు ఎడ్విన్ బడ్డింగ్. ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతపు ఉన్నిమిల్లులలో బట్టమీది నూగును కత్తిరించే యంత్రమే ఆయనకు ఒరవడి. ఆ సూత్రాన్ని నేలకు వర్తింపజేసి 1830లో ఆయన పేటెంటు పొందాడు. చదును నేలమీద ఆ యంత్రం భేషుగ్గా పనిచేసింది. గట్టు వాలుమీద చక్రాల బండి ఒకపక్కకు ఒరుగుతుంది, బరువుకు జారుతుంది. అక్కడ చాలాకాలం కొడవలే గతి అయింది.

ఇక క్రిస్టఫర్ కాకెరెల్. ఈయన 1955లో ఒక చిన్న డబ్బాను పెద్ద డబ్బాలో అమర్చి, రెంటి నడుమ సందులోంచి గాలిని ఊదించి, ఆ ఒత్తిడిని వంటింటి త్రాసుమీద తూచి చూశాడు. ఆ డబ్బాల ప్రయోగమే పెరిగి పెద్దదై, 1959 జూలై 25న హోవర్‌క్రాఫ్ట్ రూపంలో ఇంగ్లిష్ చానల్ దాటింది. దానిని చూసి స్వీడన్ దేశస్థుడు కార్ల్ డాల్మన్‌కు, ఇదే గాలిపరుపు గడ్డియంత్రం కింద ఎందుకు ఉండరాదన్న ఊహ కలిగింది. 1960ల మధ్యకాలానికి ‘ఫ్లైమో’ విపణిలోకి వచ్చింది.

నిర్మాణం సరళమైనది. బోర్లించిన మూకుడువంటి కప్పు, దాని నడుమ నిలువుగా ఒక ఇరుసు. ఇరుసు పైభాగాన పంకా, అడుగున అడ్డంగా తిరిగే కత్తి. పంకా పైనుంచి గాలిని లాగి కప్పు కిందికి నెడుతుంది. ఇందుకు పెనుగాలి అవసరమనుకుంటాము గాని, లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 15 కిలోల యంత్రానికి 50 సెంటీమీటర్ల వ్యాసమున్న కప్పు ఉన్నదనుకోండి. దానిని లేపడానికి చదరపు సెంటీమీటరుకు ఏడున్నర గ్రాముల ఒత్తిడి చాలు. అది మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో నూరవవంతు కూడా కాదు.

చక్రాలు లేవు కనుక యంత్రం ఏ దిక్కుకైనా కదులుతుంది. గడియారపు లోలకంవలె అటూ ఇటూ ఊపుతూ కోయవచ్చును. వాలుమీద దాని ఉపయోగమూ, దాని ప్రమాదమూ ఇందులోనే ఉన్నాయి. నేలతో రాపిడి దాదాపు లేనందున పట్టి ఆపేది మనిషి చెయ్యి ఒక్కటే. 30 డిగ్రీల వాలుమీద బరువులో సగం, అంటే మన యంత్రం విషయంలో ఏడున్నర కిలోలు, నిరంతరం కిందికి గుంజుతూ ఉంటుంది. తడిగడ్డిమీద కాలు జారిన తోటమాలికి ఎగువన యంత్రం ఉంటే అది సరాసరి అతని పాదాలమీదికి వస్తుంది. అందుకే వాలుకు అడ్డంగా నడుస్తూ కోయమంటారు. యంత్రాన్ని తనవైపు లాక్కోవద్దంటారు. పిడి వదలగానే ఇంజను ఆగే ఏర్పాటు ఇక్కడ రెండు విధాల రక్ష. గాలి ఆగిన మరుక్షణం యంత్రం చతికిలబడి నేలను పట్టుకుంటుంది, కత్తి మాత్రం పూర్తిగా ఆగడానికి మరికొంత వ్యవధి పడుతుంది. పైనుంచి తాడుకట్టి దించేవారు కొందరు పిడి మీటను కట్టివేయడం కద్దు. నా దృష్టిలో అది సాహసం కాదు, అవివేకం.

ఇంజను సంగతీ చెప్పాలి. సాధారణ ఫోర్ స్ట్రోక్ ఇంజనులో కందెన నూనె అడుగు తొట్టిలో ఉంటుంది. యంత్రం బాగా ఒరిగితే నూనె ఒకమూలకు చేరి, భాగాలు ఎండి బిగుసుకుపోవచ్చు. టూ స్ట్రోక్‌లో నూనె పెట్రోలులోనే కలిసి ఉంటుంది కనుక ఆ చిక్కు లేదు. నిటారు వాలులకు ఎక్కువగా దానినే ఎంచుకున్నది ఇందుకే.

అన్నట్టు, రోలరు లేని ఈ యంత్రం ఆంగ్లేయులకు ప్రియమైన పచ్చిక చారలను తీర్చలేదు. 1980ల ప్రాంతంలో పోటీ కంపెనీ ఒకటి ‘హోవర్’కు ‘బెడద’ అనే అర్థమిచ్చే మాటను ప్రాస కలిపి ఎగతాళి ప్రకటన గుప్పించింది. ఆ ప్రాసను తెలుగు చేయడం నా తరం కాలేదు.

ఇప్పుడు పెద్ద కరకట్టల మీదికి దూరంనుంచి నడిపే పట్టాల యంత్రాలు వచ్చాయి. మనిషి వాలు ఎక్కనక్కరలేదు. గోల్ఫ్ మైదానాల ఇసుకగుంటల అంచులను మాత్రం నేటికీ ఈ తేలే యంత్రాలతో కోస్తూనే ఉన్నారు.