రంగుటద్దపు దీపములు – వానిని చేసిన చేతులు

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, చేతిపనిని గూర్చి వ్రాసెదనని మాట యిచ్చితిని. చేతిపనులలో నాకు మిక్కిలి యిష్టమైనది రంగుటద్దపు దీపముల పని. అది మన కోనసీమలో పుట్టిన పని కాదు. అయినను దానికి దగ్గరి చుట్టమనదగిన పని యొకటి మన యింటి చూరుక్రిందనే యున్నది. ఆ రెంటిని గూర్చియు, వాని మూలమున నేను ఆలస్యముగా నేర్చుకొనిన యొక పాఠమును గూర్చియు చదువరులకు విన్నవించెదను.

గాజు అనునది ఇసుకను, సోడాను, సున్నమును కలిపి మిక్కుటమైన వేడిలో కరగించుటవలన కలుగు పదార్థము. కరగిన గాజులో కోబాల్టును చేర్చిన నీలవర్ణమును, రాగిని చేర్చిన ఆకుపచ్చగాని ఎరుపుగాని, మాంగనీసును చేర్చిన ఊదారంగును, బంగారమును రవంత చేర్చిన కెంపువన్నెయు కలుగును. ఐరోపాఖండమున ఈ విద్య దేవాలయముల కిటికీలలో పెంపొందెను. జర్మనీదేశమున ఆగ్స్‌బర్గు దేవాలయములోని ప్రవక్తల చిత్రములుగల కిటికీలు సుమారు 1100వ సంవత్సర ప్రాంతమునాటివి. పారిసు నగరముచెంత సెంట్ డెనీ దేవాలయపు తూర్పుభాగమును సూజే అను మఠాధిపతి 1144లో పునర్నిర్మించి ప్రతిష్ఠించినప్పుడు, రంగుటద్దములగుండా వచ్చు వెలుగే ఆ కట్టడమునకు ముఖ్యాలంకారమయ్యెను. పనివారు మొదట చిత్రమును పూర్తి ప్రమాణమున బల్లపై గీసి, గీతల ననుసరించి గాజును ముక్కలుగా కోసి, ముఖములును వస్త్రముల మడతలును నల్లని వర్ణముతో చిత్రించి, కొలిమిలో కాల్చి, ఇరుప్రక్కల గాడిగల సన్నని సీసపు బద్దీలలో ఆ ముక్కలను పొదిగి అతికెడివారు.

ఇంత దూరము పోనక్కరలేదు. మన తెలుగునేలపైననే, మెదకు పట్టణమున, ఈ విద్యకు గొప్ప నిదర్శనమున్నది. రెవరెండు చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి పూనికచే 1914లో ఆరంభింపబడి, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన ఆ మహాదేవాలయమునకు మూడు రంగుటద్దపు కిటికీలున్నవి. క్రీస్తు ఆరోహణమును చూపు కిటికీ 1927లోను, జననమును చూపునది 1947లోను, సిలువను చూపునది 1958లోను అమర్పబడినవి. లండను నగరపు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వాని చిత్రములను రచించెను. నేను విద్యార్థులతోకూడ అచ్చటికి పోయినప్పుడు ఒక బాలుడు, “సాయంకాలమైతే ఈ బొమ్మలు ఏమవుతాయండీ?” అని యడిగెను. మంచి ప్రశ్న. సూర్యుడు అస్తమించిన పిమ్మట లోపల నున్నవారికి కిటికీ నల్లబడిపోవును. కిటికీకి వెలుగు వెలుపలినుండి రావలెను. దీపమునకట్లుకాదు; దాని వెలుగు దాని గర్భముననే యుండును. రంగుటద్దము కిటికీని విడిచి దీపమును చేరుటకు కారణము ఆ బాలుని ప్రశ్నలోనే యున్నది.

నూనెదీపమునకు మంట నిటారుగా నుండవలెను. గాలి లోపలికి పోవలెను. పొగ పైకి వెడలవలెను. కావున దానిపై గాజుబుడ్డి పెట్టవచ్చునేకాని, దానిచుట్టు ఇచ్చవచ్చిన ఆకారమున గొడుగు కట్టుట కష్టము. 1879లో ఎడిసన్ విద్యుద్దీపమును నిలుకడగా వెలిగించిన తరువాత ఈ నిర్బంధము తొలగెను. దీపమును తలక్రిందుగా వ్రేలాడదీయవచ్చును, మంట భయము లేదు, మసి లేదు. అయితే ఆ క్రొత్త వెలుగు కన్నులకు గ్రుచ్చుకొనునట్లుండెను. దానిని మెత్తపరచుటకు రంగుగాజు చక్కగా పనికివచ్చెను. అమెరికాలో జాన్ లా ఫార్జ్ అను చిత్రకారుడు పాలవలె మసకగానుండి పలువన్నెలు కలసిన గాజునకు 1880లో హక్కుపత్రము పొందెను. న్యూయార్కు నగరమున లూయీ కంఫర్ట్ టిఫనీ (1848–1933) ఇటువంటి గాజులో మడతలు, మచ్చలు, చారలు పుట్టించి, కుంచెతో రంగు వేయనక్కరలేకయే ఆకులను, పూవులను, నీటి అలలను గాజుముక్కల ఎంపికచేతనే చూపగల కర్మాగారమును నెలకొల్పెను.

దీపపు గొడుగు పనికి సీసపు బద్దీ మోటైనది. చిన్నముక్కలను వంపుగా అతుకుటకు అది లొంగదు. కావున ప్రతిముక్క అంచునకు పలుచని రాగిరేకును చుట్టి, కొయ్యతో చేసిన అచ్చుపై ముక్క ప్రక్కన ముక్కను పేర్చి, రాగి అంచులను తగరము, సీసము కలిపిన మాటులోహముతో అతికెడివారు. పిమ్మట అచ్చును తొలగించిన గొడుగు నిలిచియుండును. విస్టీరియా అను పూలగుత్తుల దీపమునకు ఇట్టి ముక్కలు సుమారు 2,000 కావలెను. ఒక్కొక్క ముక్కను పలకనుండి ఏ భాగమున కోసిన రేకువలె కనబడునో, ఏ భాగమున కోసిన నీడవలె కనబడునో వెలుగునకు పట్టి చూచి నిర్ణయింపవలెను. ఈ నిర్ణయములోనే కళ యంతయు నున్నది.

ఈ నిర్ణయము చేసినవారెవరు? చిరకాలము లోకము టిఫనీ పేరునే చెప్పెను. ఆ దీపములు కొంతకాలము రుచి మారి మూలబడెను. 1932లో ఆ సంస్థ దివాలా తీసెను. తరువాత మరల వానికి గిరాకి కలిగి, 2018లో తామరకొలను దీపమొకటి వేలములో 33 లక్షల డాలర్లకు పైగా పలికెను. ఇంత విలువగల వస్తువులలో అనేకములను రూపొందించినది క్లారా డ్రిస్కల్ అను స్త్రీ యని ఈ శతాబ్దమున 2005 ప్రాంతమునగాని స్పష్టపడలేదు. ఒహాయో రాష్ట్రమున 1861లో జన్మించిన ఈమె టిఫనీ కర్మాగారమున గాజు కోయు స్త్రీల విభాగమునకు పెద్దగా నుండెను. తల్లికిని అక్కచెల్లెండ్రకును తన పనిని గూర్చి ఎడతెగక ఉత్తరములు వ్రాసెను. ఆ ఉత్తరముల కట్టలను పరిశోధకులు చదువగా, పారిసులో 1900 సంవత్సరపు ప్రదర్శనమున బహుమతి నందిన తూనీగ దీపమును, విస్టీరియా దీపమును ఆమె కల్పించినవే యని తేటపడెను. 2007లో న్యూయార్కు చారిత్రక సంఘమువారు ఈ విషయముపై ప్రదర్శనము జరిపిరి. వివాహమైన స్త్రీలకు ఆ కర్మాగారమున పని లేదు. 1909లో పునర్వివాహము చేసికొని ఆమె పనిని విడువవలసి వచ్చెను. 1944లో ఆమె చనిపోవునాటికి ఆ దీపములపై ఆమె పేరు లేదు.

ఇక మన యింటి చూరును చూతము. డిసెంబరు మాసము రాగానే అమలాపురము మొదలు రాజోలు వరకు, కొత్తపేట మొదలు సముద్రతీరపు పల్లెల వరకు, క్రైస్తవుల యిండ్లపై నక్షత్రములు వెలుగును. వెదురు బద్దలను చీల్చి, నునుపుచేసి, అయిదు కోణములుగా రెండు చట్రములు కట్టి, నడుమ పుల్లలు నిలిపి ఉబ్బునట్లు చేసి, దారముతో ముడివేసి, రంగు కాగితమును మైదా జిగురుతో అంటించి, లోపల దీపము నుంచుదురు. వెదురు సీసపు బద్దీ స్థానమున నున్నది; కాగితము గాజు స్థానమున నున్నది; వెలుగు గర్భముననే యున్నది. ఇది బీదవాని రంగుటద్దపు దీపమనుట అతిశయోక్తి కాదు. కాని నేడు అంగడిలో మడతపెట్టిన ప్లాస్టికు నక్షత్రములు సులభముగా దొరకుటచే, వెదురు చీల్చువారు ఏటేట తగ్గిపోవుచున్నారు.

అందుచేత నిరుడు మా తొమ్మిదవ తరగతి విద్యార్థులు అయిదుగురిచేత అయిదడుగుల నక్షత్రమును చేయింప తలపెట్టితిని. నేను వారికి రంగుటద్దపు కిటికీల చిత్రములు చూపితిని, కాగితము కొనుటకు రూకలిచ్చితిని, అంతే. పని వారిది. వారిలో ఒక బాలిక తల్లి కొబ్బరిపీచు తాడు పేనుటచే జీవించును. ఆ పిల్ల తల్లివద్ద నేర్చిన ముడితో చట్రపు మూలలను బిగించెను. తడి జిగురునకు కాగితము సాగి ముడతలు పడుచుండగా, పెద్దరేకులు మాని చిన్నముక్కలుగా కోసి, ముక్కకు ముక్కకు నడుమ సన్నని నల్లకాగితపు అంచు వేసిన బిగువు నిలుచునని కనిపెట్టినదియు ఆమెయే. అనగా, ఎన్నడు చూడని కర్మాగారపు రహస్యమును తన బుద్ధిచేతనే పట్టుకొన్నది. దీపము వెలిగింపగా, నల్లని గీతల నడుమ ఎరుపును పసుపును నీలమును నిజమైన గాజువలెనే మెరసెను.

క్రిస్మసు సభయందు అధ్యక్షులు ఆ నక్షత్రమును మెచ్చుకొని, నా పేరు చెప్పి, నాకు శాలువ కప్పిరి. నేను చేతులు జోడించి కూర్చుంటిని. లేచి రెండు మాటలు చెప్పుటకు అవకాశముండెను, చెప్పనైతిని. వినయముచే మిన్నకుంటినని ఆ క్షణమున నన్ను నేను మోసగించుకొంటిని. సభ ముగిసిన పిమ్మట గేటువద్ద ఆ బాలిక తల్లి నాకెదురై, ఎంతో మర్యాదగా, “మా పాప పేరు పిలుస్తారేమోనని ఆఖరుదాకా కూర్చున్నామండీ, మాస్టారూ” అనెను. ఆమె నన్ను నిందింపలేదు. నిందించినచో నాకు కొంత తేలికగా నుండెడిది. బిడ్డ తల్లి కొంగు చాటున నిలిచి నక్షత్రమువైపు చూచుచుండెను. క్లారా డ్రిస్కల్ కథను తరగతిలో అంత ఆవేశముతో చెప్పిన నేనే ఆ రాత్రి టిఫనీ స్థానమున కూర్చుంటిని.

దీనికి బదులు చెప్పువారున్నారు. కర్మాగారము పెట్టినవాడు టిఫనీ, సొమ్ము అతనిది, నష్టమైన అతనిదే, గాజును గూర్చిన రుచియు అతనిదే, అతడు లేనిదే ఆ దీపములు లేవుకదా యందురు. నిజమే. అతని పాలు అతనికి దక్కవలసినదే. పేరు అనునది రొట్టెవంటిది కాదు. ఇంకొకరికి పంచినంత మాత్రమున మొదటివానికి తరిగిపోదు. మరికొందరు, పిల్లలు పేరుకొరకు పనిచేయరాదు, అది గర్వమునకు దారియందురు. ఈ మాట చెప్పువారు సాధారణముగా పేరు దక్కినవారే. చేసినదానికి పేరు చెప్పుట పొగడ్త కాదు, లెక్క చెప్పుట. పరీక్షలో ఒకని మార్కులు వేరొకని పేర వ్రాసిన ఉపాధ్యాయుని మనము క్షమింతుమా? చేతిపనిలో మాత్రము అది ఎట్లు క్షమ్యమగును?

మూడవ ఆక్షేపణ బరువైనది. పదవ తరగతి మార్కుల పోటీలో చేతిపనికి సమయమెక్కడ, నక్షత్రము అంగడిలో దొరకుచుండగా ఈ ప్రయాసమేల యందురు. నక్షత్రము కొరకైనచో అంగడియే చాలును. కాని కొలత తప్పిన కోణము కలియదని రేఖాగణిత పుస్తకముకంటె వెదురు బద్ద త్వరగా నేర్పును. తడిసిన కాగితము ఎందుకు సాగునో, ఆరినప్పుడు ఎందుకు బిగియునో అడిగిన బిడ్డకు విజ్ఞానశాస్త్రము బరువు కాదు. ఉపాధ్యాయ శిక్షణ కాలమున మేము ఈ సూత్రములను కంఠస్థము చేసి వ్రాసితిమి; ఆ అయిదుగురు పిల్లలు నాకు వానిని చూపిరి.

కావున మన పాఠశాల పెద్దలకు మూడు మనవులు చేసికొనుచున్నాను. మొదటిది, వారమునకు ఒక గంట చేతిపనికి కేటాయింపవలెను. వెదురు, కాగితము, జిగురు ఇవి చాలును. సీసము విషపదార్థము గనుక సీసము కలిసిన మాటులోహమును పిల్లల చేతికి ఈయరాదు. పై తరగతులవారికి గాజుపని నేర్పదలచినచో సీసము లేని మాటులోహమునే వాడి, కంటికి అద్దములు, చేతికి తొడుగులు ఉంచి, పెద్దల కాపుదలలో నేర్పవలెను. రెండవది, వెదురుపని తెలిసిన మేదరులను పిలిచి, అతిథి ఉపాధ్యాయులుగా కుర్చీ వేసి, తగిన పారితోషికమిచ్చి నేర్పించుకొనవలెను. కనుమనాడు జగ్గన్నతోటకు చేరు పదునొకండు ప్రభలను చూడుడు. వెదురును వంచి, రంగు వస్త్రములతో అలంకరించి, భుజములపై చేలగుండా, కౌశిక దాటి మోసికొనివత్తురు. 2023లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవ కవాతునందు ఆంధ్రప్రదేశ్ శకటము ఆ ప్రభల తీర్థమునే చూపెను. మతమేదైనను, వెదురును వంచు చేయి ఒక్కటే. ఆ చేతుల పేర్లు మనలో ఎందరమెరుగుదుము?

మూడవది, పాఠశాలలో ఒక పుస్తకముంచి, విద్యార్థులు చేసిన ప్రతి వస్తువు ఎదుట దానిని చేసినవారి పేర్లు, తరగతి, తేదీ వ్రాయవలెను. ఎవరు కోసిరి, ఎవరు కట్టిరి, ఎవరు ఉపాయము చెప్పిరి అను వివరములతో వ్రాయవలెను. పేర్లు చదివిన తరువాతనే సభలో ఆ వస్తువును వెలిగింపవలెను. ఖర్చు ఒక పుస్తకము, ఒక కలము.

నిరుటి నక్షత్రపు చిత్రము ఈ సంచిక చివరి పుటలో నున్నది. సంపాదకుల అనుమతితో ఆ అయిదుగురి పేర్లను దానిక్రింద అచ్చువేయించితిని. ఆ బాలిక పేరు మొదట నున్నది. నా పేరు అచ్చట లేదు, ఉండనక్కరలేదు. ఈ సంచిక మొదటి ప్రతిని ఆ తల్లికి నేనే తీసికొనిపోయి ఇచ్చెదను. సంవత్సరము ఆలస్యమైనదని ఆమె అనినయెడల, ఔననుటకంటె నాయొద్ద వేరు సమాధానము లేదు.