ఇల్లు కట్టేవాడికి ఇంటి లోను లేదట!

తాడేపల్లిగూడెంలో ఏ వీధికి వెళ్ళినా మేడ మీద మేడ లేస్తోంది. ఆ మేడలకు పునాదులు తవ్విందెవరు? ఇటుక మోసిందెవరు? తాపీ పట్టిందెవరు? సెంట్రింగు కొట్టిందెవరు? రంగులు వేసిందెవరు? మన పేటల వాళ్ళే. ఆ మేడల్లో చాలావాటి మీద బ్యాంకు లోను ఉంది. కట్టించుకున్నవాడికి బ్యాంకు పిలిచి మరీ ఇచ్చింది. కట్టినవాడు వెళ్ళి అడిగితే "నీకు ఆదాయం ఉన్నట్టు రుజువేదీ?" అంటోంది. ఊరంతా నిలబడ్డ మేడలు రుజువు కావా?

బ్యాంకులో జరిగే మాటలు మన పేటల్లో అందరికీ కంఠతా వచ్చు.

"ఏం పని చేస్తావు?"

"తాపీ పనండి."

"ఎవరి దగ్గర?"

"ఎవరి దగ్గరా కాదండి, సొంతంగా ఒప్పుకుంటానండి."

"జీతం స్లిప్పు లేదా? పోనీ మూడేళ్ళ ఐటీ రిటర్నులు ఉన్నాయా?"

"లేవండి."

"అవి తెచ్చుకుని రా, చూద్దాం."

అంతే! రెండు నిమిషాల్లో మనిషి బయట ఉంటాడు. దరఖాస్తు తీసుకోరు. తీసుకోలేదని కాగితం ఇవ్వరు. అడిగిన గుర్తు కూడా ఎక్కడా మిగలదు. రేపు లెక్కలు అడిగితే "ఎస్సీల దరఖాస్తు ఒక్కటి కూడా మేం తిరస్కరించలేదు" అని దర్జాగా చెప్పుకోవచ్చు. గుమ్మంలోనే తిప్పి పంపినవాడు ఏ లెక్కలోకీ రాడు కదా!

ఎవరీ స్వయం ఉపాధివాళ్ళు?

తాపీ మేస్త్రి, చెప్పులు కుట్టేవాడు, ఆటో తోలేవాడు, ఉల్లిపాయల మార్కెట్లో బస్తాకింత అని మోసే హమాలీ, కూరగాయల తోపుడు బండివాడు, కొల్లేటి చేప తట్టలో పెట్టుకుని ఊళ్ళు తిరిగే అమ్మ, ఇంట్లో మిషను కుట్టుకునే చెల్లెలు. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత పశ్చిమ గోదావరి జిల్లాలో ప్రతి అయిదుగురిలో ఒకరు ఎస్సీ. వాళ్ళలో నెలజీతం వచ్చేవాళ్ళు పేటకు ఎందరు? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

నేను బడిపంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో మొదటివాణ్ణి. మా తమ్ముడు తాపీ మేస్త్రి. నా జీతం కాగితం చూసి ఒక బ్యాంకు నాకు కుర్చీ వేసింది. వాణ్ణి గుమ్మం దగ్గరే నిలబెట్టింది. మా ఇద్దరికీ తేడా తెలివిలో లేదు, కష్టంలో లేదు. నెల తిరిగేసరికి వచ్చే ఒక్క కాగితంలో ఉంది. ఇందులో నా గొప్పా లేదు, వాడి తప్పూ లేదు.

1991లో నూతన ఆర్థిక విధానం తెచ్చిన దగ్గర్నుంచీ ఏలినవాళ్ళు మనకు ఒకటే పాట వినిపిస్తున్నారు. సర్కారు ఉద్యోగాల మీద ఆశ పెట్టుకోకండి, మీ కాళ్ళ మీద మీరు నిలబడండి, స్వయం ఉపాధి చూసుకోండి అని. సరే, నిలబడ్డాం. తీరా నిలబడ్డాక అదే సర్కారు బ్యాంకు "నువ్వు ఉద్యోగివి కాదుగా" అంటోంది. రిజర్వేషను ఉద్యోగం తగ్గించిందీ మీరే, ఉద్యోగం లేదని లోను ఆపేదీ మీరే! ఇదెక్కడి న్యాయం?

మూడు కాగితాలు, మూడు గోడలు

బ్యాంకు అడిగేవి మూడు: ఆదాయం కాగితం, స్థలం కాగితం, పూచీ సంతకం. చూడటానికి ఇందులో కులం ఎక్కడా లేదు. పట్టి చూస్తే మూడింటిలోనూ కులమే ఉంది.

మొదటిది ఆదాయం. మన చెమటకు చీటీ ఎవడిచ్చాడు? ఆసామి కూలి డబ్బు చేతిలో పెడతాడు, రశీదు ఇస్తాడా? పైగా మన సంపాదన ఊరి దయ మీద నడుస్తుంది. 2017లో గరగపర్రులో ఏం జరిగింది? అంబేద్కర్ విగ్రహం పెడతామన్నందుకు దళితులను సాంఘిక బహిష్కరణ చేశారు. పనులు ఆపేశారు. ఆత్మగౌరవం అడిగిన నెలలో ఆదాయం సున్నా! కొల్లేరు చూడండి. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. గట్టు మీద కూలికి బతికినవాడి పని గట్టుతోపాటే పోయింది. ఇలాంటి బతుకుల దగ్గరికొచ్చి మూడేళ్ళ లాభనష్టాల పట్టిక చూపించమంటే ఎవడు చూపిస్తాడు?

రెండోది స్థలం. మనకు తాతల నాటి రిజిస్టరు దస్తావేజులు ఎక్కడివి? భూమి లేకుండా చేసిందే ఈ వ్యవస్థ. ఉన్నదల్లా సర్కారు ఇచ్చిన డి-ఫారం పట్టా. "అసైన్డు స్థలం తనఖాకు పనికిరాదు, చట్టం ఒప్పుకోదు" అని బ్యాంకువాళ్ళు చెబుతారు. మనమూ నమ్మి వచ్చేస్తాం. ఇక్కడ జాగ్రత్తగా వినండి. 1977 నాటి 9వ నెంబరు చట్టం అసైన్డు భూమిని పరాయివాళ్ళకు అమ్మకూడదంది. మన భూమి పెద్దోళ్ళు కాజెయ్యకుండా పెట్టిన చట్టం అది. అదే చట్టంలో 6వ సెక్షను చదవండి. షెడ్యూల్డు బ్యాంకు, సహకార సంఘం దగ్గర తనఖాలో ఉన్న అసైన్డు భూమికి ఈ నిషేధం వర్తించదు అని ఉంది. అంటే మన రక్షణకు పెట్టిన చట్టాన్ని చూపించి మనకే తలుపు వేస్తున్నారు! ఆ తలుపుకు సందు ఉన్న సంగతి మాత్రం చెప్పరు.

రిజిస్టరు కాగితం ఉంటే మాత్రం ఒరిగిందేమిటి? 2021 డిసెంబరు 21న మన పక్కనున్న తణుకులోనే అప్పటి ముఖ్యమంత్రి సంపూర్ణ గృహహక్కు పథకం మొదలుపెట్టారు. పాత హౌసింగు బాకీకి పల్లెల్లో 10 వేలు, మునిసిపాలిటీల్లో 15 వేలు, కార్పొరేషన్లలో 20 వేలు కట్టండి, రిజిస్టరు పత్రం ఇస్తాం, దాంతో బ్యాంకులో లోను తెచ్చుకోవచ్చు అన్నారు. పత్రం పట్టుకుని వెళ్తే పాతపాటే: "ఆదాయం రుజువేదీ?" ఆదాయం కూడా చూపించాడే అనుకోండి, ఇంకో మాట తయారుగా ఉంటుంది: "మీ ఇల్లు పేటలో ఉంది. రేపు వేలం వేస్తే కొనేవాడు ఎవడు?" అదే సిమెంటు, అదే ఇటుక, అదే మేస్త్రి. రోడ్డుకు ఇవతల ఉంటే ఒక విలువ, అవతల ఉంటే ఇంకో విలువ. పేటలో ఇల్లు ఊళ్ళోవాడు కొనడు కాబట్టి దానికి విలువ లేదట! అంటరానితనాన్ని రూపాయల్లో లెక్కగట్టడం అంటే ఇదే.

మూడోది పూచీ. ఉద్యోగస్తుడి సంతకం తెమ్మంటారు. పేటకు ఒక పంతులో, ఒక గుమాస్తానో ఉంటే పది ఇళ్ళకు పూచీ ఆయనే. ఆయన ఎన్ని సంతకాలు పెట్టగలడు? ఊళ్ళో పెద్దకులం వాడికి బావ పూచీ, బాబాయి పూచీ, రైసుమిల్లు పూచీ. మనకు మన రెక్కలే పూచీ. దీనికీ దారి ఉంది. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళ ఇంటి లోన్లకు పూచీదారు లేకుండానే హామీ ఇవ్వటానికి కేంద్రం 2012లోనే ఒక నిధి పెట్టింది. ఏ బ్రాంచిలోనైనా ఆ నిధి పేరు మనకు చెప్పారా?

కట్టే దమ్ము లేదా?

అసలు అనుమానం ఇదేనని అంటారు: "ఇస్తే కడతారా?" రండి, లెక్క వేద్దాం.

బ్యాంకు పొమ్మంటే మనవాడు ఎక్కడికి వెళ్తాడు? మూడు రూపాయల వడ్డీకి వెళ్తాడు. రెండు లక్షలు తెస్తే నెలకు 6,000 వడ్డీ. ఏడాది కట్టినా అసలు రెండు లక్షలు అలాగే ఉంటుంది. అదే బ్యాంకు 9 శాతం వడ్డీకి ఆరు లక్షలు, 20 ఏళ్ళకు ఇస్తే నెలవాయిదా సుమారు 5,400. అందులోనే అసలు, వడ్డీ రెండూ తీరిపోతాయి. అర్థమైందా? రెండు లక్షల మీద వడ్డీకి మాత్రమే 6,000 కడుతున్న మనిషిని పట్టుకుని, ఆరు లక్షలకు 5,400 కట్టలేవు పో అంటున్నారు! కట్టలేకపోవడం కాదయ్యా, కడుతూనే ఉన్నాడు. మీకు కట్టనివ్వటం లేదు, అంతే.

పొదుపు సంఘాల్లో మన ఆడవాళ్ళ వాయిదా పుస్తకాలు తీసి చూడండి. ఫైనాన్సు కంపెనీలవాళ్ళు వారం వారం వచ్చి మన అక్కాచెల్లెళ్ళ దగ్గర వసూలు చేసుకుపోతారు. ఆ ఒత్తిడికి ప్రాణాలు పోయి, ఊళ్ళు అట్టుడికితేనే కదా 2010లో రాష్ట్రం మైక్రోఫైనాన్సు మీద ఆర్డినెన్సు తెచ్చింది! ఎక్కువ వడ్డీకి పనికొచ్చే మనిషి తక్కువ వడ్డీకి ఎందుకు పనికిరాడు?

టిడ్కో ఇళ్ళు చూడండి. 365 అడుగుల ఇంటికి 3.15 లక్షలు, 430 అడుగుల ఇంటికి 3.65 లక్షలు లబ్ధిదారుల పేర బ్యాంకు లోను అన్నారు. అప్పుడు ఆటోవాడూ, బండివాడూ లోనుకు పనికొచ్చారు కదా! సర్కారు పక్కన నిలబడగానే ఫారం 16 గుర్తు రాలేదేం? పైగా చాలాచోట్ల ఇంటి తాళం చేతికి రాకముందే వాయిదా కట్టమని నోటీసులు వచ్చాయి. అంటే మనం సొంతంగా అడిగితే అనర్హులం, వాళ్ళ పథకానికి కావాలంటే అర్హులం.

"డిపాజిటుదార్ల సొమ్మండీ, జాగ్రత్తగా ఉండాలి" అని మేనేజరు గారు అంటారు. నిజమే, ఉండాలి. మరి 2014-15 నుంచి తొమ్మిదేళ్ళలో బ్యాంకులు 14.56 లక్షల కోట్ల మొండిబాకీలు లెక్కల్లోంచి తీసేశాయని 2023లో కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. అందులో 7.41 లక్షల కోట్లు పెద్ద పరిశ్రమలవి, పెద్ద సర్వీసు కంపెనీలవి. తీసెయ్యడం అంటే మాఫీ కాదు, వసూలు సాగుతూనే ఉంటుంది అంటారు. అలాగే కానివ్వండి. ఆ పెద్దలకు ఇచ్చేటప్పుడు ఈ జాగ్రత్త ఏమైంది? మా ఆరు లక్షల దగ్గరే ఎందుకు లేచింది?

రాయితీ ఎవరి జేబులోకి?

2024 సెప్టెంబరు నుంచి పట్టణ ఆవాస్ పథకం రెండో విడత నడుస్తోంది. 25 లక్షల లోపు ఇంటి లోనులో మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ, మొత్తం 1.80 లక్షల దాకా. వినటానికి బాగుంది. కానీ ముందు లోను వచ్చినవాడికే ఆ రాయితీ. లోనే ఇవ్వని మనకు రాయితీ ఎక్కడిది? 1972 నుంచి 4 శాతం వడ్డీ పథకం ఒకటి ఉంది. అందులో ఎస్సీ, ఎస్టీల ఇంటి లోను పరిమితిని 2007లో 20 వేలు చేశారు. ఇవాళ 20 వేలకు ఇల్లు మాట దేవుడెరుగు, లారీ ఇసుక దింపుకుంటే మిగిలేదెంత?

ఏం చెయ్యాలి?

రూపాయి సమస్య మీద 1923లోనే పుస్తకం రాసిన బాబాసాహెబ్ బిడ్డలం మనం. లెక్కలకు భయపడకూడదు. సంఘం కార్యకర్తలు పేటపేటకూ ఈ సంగతులు చెప్పాలి.

ఒకటి. నోటి మాటతో తిరిగి రావద్దు. దరఖాస్తు రాసి ఇవ్వండి, అందినట్టు రశీదు తీసుకోండి. ఎస్సీ, ఎస్టీ దరఖాస్తును బ్రాంచిలో తిరస్కరించకూడదనీ, పై అధికారి స్థాయిలోనే చెయ్యాలనీ, కారణం స్పష్టంగా చూపాలనీ రిజర్వు బ్యాంకు ఆదేశాలున్నాయి. ఆ కారణం రాతలో అడగండి. ఇవ్వకపోతే బ్యాంకుకే రాతలో ఫిర్యాదు చెయ్యండి. 30 రోజుల్లో తేలకపోతే అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు.

రెండు. ఆదాయం పన్ను పరిమితికి లోపలున్నా ఏటా రిటర్ను వెయ్యొచ్చు. ఈ ఏడాదే మొదలెట్టండి. ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉచితం, బ్రోకరుకు పైసా ఇవ్వకండి. కూలి డబ్బులో కొంతైనా ఖాతాలో వేసి తియ్యండి. ఆ పుస్తకమే రేపు మన సాక్షి.

మూడు. ఇచ్చినా గుడ్డిగా సంతకం పెట్టవద్దు. వడ్డీ, ఖర్చులు, వాయిదాలు అన్నీ మనకు తెలిసిన భాషలో ఒక కాగితం మీద ఇవ్వాలని 2024 అక్టోబరు నుంచి నిబంధన. తెలుగులో అడగండి. వాయిదాలు తప్పితే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి కోర్టుకు వెళ్ళకుండానే ఇల్లు పట్టుకోగలరు. అందుకని పెళ్ళి ఖర్చుకు ఇంటి లోను తేవద్దు. మోయగలిగినంతే ఎత్తుకోండి.

నాలుగు. ఒక్కొక్కరుగా వెళ్తే గుమ్మం దగ్గరే ఆపుతారు. యాభైమంది ఒకే రోజు దరఖాస్తులతో వెళ్ళండి. గూడెంలో, ఏలూరులో, కైకలూరులో, భీమవరంలో వెళ్ళండి.

మన డిమాండ్లు సూటిగా ఉండాలి. పొదుపు సంఘం వాయిదా పుస్తకాన్ని, మార్కెట్ యార్డు హమాలీ లైసెన్సును, వీధి వ్యాపారి గుర్తింపు కార్డును ఆదాయ రుజువుగా తీసుకోవాలి. డి-పట్టా మీద 6వ సెక్షను ప్రకారం తనఖా పట్టాలి. పేట ఇంటికి పేట ధర కట్టడం ఆపాలి. బ్రాంచి వారీగా ఎస్సీలకు ఎన్ని ఇంటి లోన్లు ఇచ్చారో జిల్లా బ్యాంకర్ల సమావేశంలో చదివి, నోటీసు బోర్డు మీద అంటించాలి.

ఇది భిక్ష కాదు, మాఫీ కాదు. వడ్డీతో సహా తిరిగి కట్టే అప్పు. అప్పు పుట్టడం కూడా మనకు పోరాటమే అయిందంటే ఈ దేశంలో బ్యాంకుకూ కులం ఉందన్నమాట. 1985లో కారంచేడు నుంచి కట్టుబట్టలతో చీరాల చేరిన మనవాళ్ళు ఇల్లంటే ఏమిటో లోకానికి చెప్పారు. ఇల్లంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. ఊరివాడు పొమ్మన్న రోజున కదలకుండా నిలబడటానికి కాలికింద ఉండే నేల. ఆ నేల కోసం కదలండి. దరఖాస్తు చేతపట్టుకుని కదలండి.

జై భీం!